కంజూస్ అనిపించుకున్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఆఫీసుకు బయలుదేరి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. ఫోన్ చేసింది పెద్దమ్మ కూతురు, నాకు అక్క; రెండు రోజుల కిందటే తల్లిని చూడడానికి వచ్చింది. గొంతులో ఏడుపు లేదు.

"అమ్మ పోయిందే. నిద్దర్లనే పోయింది. చాయ్ తీస్కపోయి లేపిన, లేవలే" అంది.

నేను చెప్పులు వదిలేసి గడప మీద కూర్చున్నాను. మళ్ళీ అక్కే అంది: "తిప్పల పడలేదు చెల్లె. గంతే చాలు."

మలక్‌పేట నుంచి గౌలిపురాకు ఆటోలో పోతూ నా మనసులో ఏముందో నేనే వెతుక్కున్నాను. దుఃఖం ఉంది. లేదనను. కానీ దానికంటే ముందు లోపల్నుంచి వచ్చింది హమ్మయ్య అనే మాట. ఆమె ఎప్పుడో పోవలసిన మనిషి. ఊరందరి పొయ్యి ముందూ కూర్చుని కూర్చుని, కళ్ళు పోయి, మోకాళ్ళు పోయి, ఎవరి ఇంట్లోనో గంటె పట్టుకునే పోతుందని మా అమ్మ భయపడేది. అలా జరగలేదు. చివరి కొన్నేళ్ళు తన ఇంట్లో, తన ఇష్టంగా బతికింది. తన మంచం మీద నిద్రలో పోయింది. ఇది రాస్తున్నది ఏడవడానికి కాదు. ఆ కొన్నేళ్ళు ఆమెకు ఎలా దొరికాయో చెప్పడానికి.

మా పెద్దమ్మ ఉండే గల్లీలోకి పెద్ద బండి ఏదీ తిరగదు. వైకుంఠ రథాన్ని సందు మొదట్లోనే ఆపారు. ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. మా అమ్మ, అంటే పెద్దమ్మ సొంత చెల్లెలు, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురింటామె, పెద్దమ్మ కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమెను ఎరిగిన మనిషి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెబుతోంది:

"మస్తు పెట్టిన చెయ్యి అది. ఎంతమంది తిన్నరో ఆ చేతితోని. గని ఆఖరాఖర్ల జర కంజూస్ అయింది గదా, పాపం."

పక్కనున్న ఆవిడ ఆమెను మోచేత్తో పొడిచింది. మా అమ్మ గబుక్కున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. అక్కను తలుచుకుని ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు, నవ్వు ఆపుకుంటోంది. ఎందుకంటే ఆ ఒక్క మాట అనిపించుకోవడానికి మా పెద్దమ్మ ఎంత కష్టపడిందో ఆ షామియానా కింద మా ఇద్దరికే తెలుసు.

ఇవ్వనివాళ్ళకు మన భాషలో మాటలు తక్కువేం లేవు. పుస్తకాల్లో లోభి అంటారు. కోస్తా నుంచి వచ్చి మా ఆఫీసులో పనిచేసేవాళ్ళు పిసినారి అంటారు, కోపమెక్కువైతే పిసినిగొట్టు అంటారు. మా పెద్దమ్మ తరం వాళ్ళది పీనాసి. పాతబస్తీలో ఇప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్ళకైనా బజారులో ఒకటే మాట, కంజూస్. అదీ చాలకపోతే మక్కీచూస్, అంటే చాయ్‌లో పడ్డ ఈగను కూడా చీకి పారేసేవాడు. పిల్లికి బిచ్చం పెట్టడు, ఎంగిలి చేత్తో కాకిని కొట్టడు అనే సామెతలు ఉండనే ఉన్నాయి. తిట్లలో ఇది చిన్న తిట్టే. పెద్దగా గొంతెత్తి కూడా అనరు. కానీ మా పెద్దమ్మను ఈ చిన్న తిట్టు ముప్పావు జీవితం భయపెట్టింది.

ఆ భయం ఎక్కడ పుట్టిందో ఆమే నాకు చెప్పింది.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజుల్లో వాళ్ళకు బర్రెలుండేవి. గౌలిపురాలో అప్పుడు చాలా ఇళ్ళకు ఉండేవి. పాలు, పెరుగు, వెన్న, దేనికీ కొదవ లేదు. కానీ ఇంట్లో ఒక అసలైన పీనాసి ఉండేది, పెద్దమ్మ అత్త. వెన్న కుండ ఉన్న గదికి తాళం, ఆ తాళం చెవి నడుముకి. కొత్త కోడలు బెల్లం ముక్క అడగడానికి కూడా జంకేది. కొట్టంలో పేడ తీసే ఆమె ఒకరోజు జ్వరంతో ఉన్న బిడ్డను చంకలో వేసుకుని వచ్చి కొంచెం సల్ల పొయ్యమని అడిగింది. వెన్న తీసిన సల్ల, కుండ నిండా ఉంది. అత్త ఆ కుండ ఎత్తి, ఆమె చూస్తుండగానే, బర్రె ముందున్న కుడితి తొట్లో పోసింది. ఒకసారి పోస్తే రేపు మళ్ళీ అడుగుతారని.

పేడ తీసే ఆమె అరవలేదు. గడప దగ్గర నిలబడి లోపలికి చూసి, "పీనాసి కొంప" అని వెళ్ళిపోయింది.

"పీనాసి ముసల్ది అన్నా నాకు అంత అనిపియ్యకపోవు బిడ్డా" అనేది పెద్దమ్మ. "కొంప అన్నది. కొంప అంటే నేను గూడ ఉన్నట్టే గద అండ్ల."

ఆ రోజు కొట్టంలో నిలబడి పెట్టుకుందట ఒట్టు. ఈ ఇంటి గడప మీద ఆ మాట మళ్ళీ వినపడకూడదు. అత్త పోయాక, తాళం చెవి తన చేతికి వచ్చాక, ఆ ఒట్టు తీర్చుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఊహ తెలిసేసరికి పెద్దమ్మ ఇల్లు గల్లీ మొత్తానికి వంటిల్లు. బర్రెలు పోయాయి, కొట్టం స్థానంలో రెండు గదులొచ్చాయి, పైన డాబా వచ్చింది. పెద్దనాన్న బస్ డిపోలో మెకానిక్. ఉన్నంతలో సంసారం. కానీ పెద్దమ్మ దగ్గర పెద్ద పెద్ద గంజులుండేవి, పెళ్ళి వంటలకు సరిపోయేంత గిన్నెలు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఆ గంజులు ఎప్పుడూ ఇంట్లో ఉండేవి కావు. ఎవరింట్లో ఏది ఉందో పెద్దమ్మకు కూడా తెలిసేది కాదు. ఎవరింట్లో పురుడైనా, పుట్టెంట్రుకలైనా, తద్దినమైనా గంజుతో పాటు పెద్దమ్మ కూడా పోయేది. "నీ చెయ్యి పడ్తెనే రుచి" అనేవాళ్ళు. "నువ్వు కాదనవని తెల్సు" అనేవాళ్ళు. ఇంత అనడం నేర్చుకుంటే చాలు, ఆమెతో ఏ పనైనా చేయించుకోవచ్చు.

మా అమ్మకు ఒళ్ళు మండేది. "మా అక్కకు పొగడ్తనే పలుపు తాడు. మెడకేసి ఎటు గుంజితే అటు పోతది" అనేది.

బోనాల పండుగకు మా చుట్టాలంతా అక్కడే దిగేవాళ్ళు. పెద్దమ్మ మరిది కుటుంబం ఛత్రినాక నుంచి వచ్చేది. అది నాలుగడుగుల దూరం, అయినా పొద్దున్నే వచ్చి రెండో రోజు పోయేవాళ్ళు. ఒక పండుగనాడు అందరూ తిని డాబా మీద పడుకున్నాక నేను నీళ్ళకోసం కిందికి వచ్చాను. పెద్దమ్మ పొయ్యి పక్కన కూర్చుని గంజు అడుగున మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుంటోంది.

"కూర లేదా పెద్దమ్మా?"

"ఉన్నది గని, నాకు తొక్కంటేనే పానం బిడ్డా."

చాలా ఏళ్ళు నేనది నమ్మాను. తొక్కు తింటే ఆమెకు రాత్రంతా కడుపులో మంట అని తర్వాతెప్పుడో అక్క చెబితే తెలిసింది. పెద్దనాన్న మాత్రం అప్పుడప్పుడూ అనేవాడు, డ్యూటీ నుంచి వచ్చి చేతులకున్న గ్రీజు కడుక్కుంటూ: "పెట్టు, ఎవరొద్దన్నరు? గని నువ్వు తిన్నంక పెట్టు." ఆమె నవ్వి ఊరుకునేది. ఆయన పోయాక ఆ ఒక్క మాట అనేవాళ్ళు కూడా లేకపోయారు.

ఆయన పోయిన తర్వాతి ఎండాకాలంలో పెద్దమ్మకు కంటి ఆపరేషన్ అయింది. సర్కారు దవాఖానలో చేశారు. పొయ్యి దగ్గరికి పోవద్దు, వంగవద్దు, పొగ తగలవద్దు అని మరీమరీ చెప్పి పంపారు. అక్క ఉద్యోగం మానుకుని ఉండలేదు కాబట్టి చుక్కల మందు వేయడానికి నేను సాయంత్రాలు పోయేదాన్ని. పోయినప్పుడల్లా ఇల్లు నిండా జనం. కన్ను ఎలా ఉందో చూడడానికి వచ్చినవాళ్ళు. చూడడం అయిపోయినా లేచేవాళ్ళు కాదు. ఒకరోజు నేను గడప దాటేసరికి నల్లద్దాలు పెట్టుకున్న పెద్దమ్మ స్టవ్ మీదికి వంగి చాయ్ వడబోస్తోంది. ఆవిరి మొహమంతా కమ్ముకుంది.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"ఇంటికొచ్చినోళ్ళు ఊకెనే పోతరా? ఏమనుకుంటరు?"

మూడోనాటికి కన్ను చింతనిప్పులా ఎర్రబడింది, చీము కారింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. అక్కడున్న డాక్టరమ్మ చాలా చిన్న వయసు అమ్మాయి. లైటు వేసి చూసి, ఏం చేశారో అడిగింది. నేనే చెప్పాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగింది.

"అమ్మా, ఈ కన్ను మీదేనా, గల్లీలో వాళ్ళందరిదా?"

కన్ను నిలుస్తుందో లేదో కొన్నాళ్ళు గడిస్తే గానీ చెప్పలేమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగింది:

"గా పిల్ల ఏమన్నదే?"

మళ్ళీ చెప్పాను. ఛత్రినాక మలుపు దాటాక, తనలో తాను అనుకుంటున్నట్టు, "నాదే గద" అంది. పోయిన వస్తువేదో తన పెట్టెలోనే కనపడ్డట్టుంది ఆ గొంతు.

ఆ వారంలోనే ఆమె మరిది వచ్చాడు. ఆయనకు బేగంబజార్‌లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బకెట్లు, టబ్బులు, కుర్చీలు. చెడ్డవాడేం కాదు. అడగడం అలవాటైన మనిషి, అంతే. కలాకంద్ డబ్బా తెచ్చి వదిన పక్కన పెట్టి, కన్ను గురించి రెండు మాటలు మాట్లాడి, అసలు సంగతికొచ్చాడు. గోదాము ఖాళీ చేయమంటున్నారు. సరుకు పెట్టుకోవడానికి చోటు లేదు. ముందు గది కొన్నాళ్ళు కావాలి.

ముందు గది అంటే పెద్దమ్మ పడుకునే గది. గాలి వచ్చేది ఆ ఒక్క గదికే. వెనక గది ఇరుకు, అక్క సామానుతో నిండి ఉంటుంది; ఎప్పుడు వచ్చినా కూతురితో అక్కడే సర్దుకుంటుంది. ముందు గదినిండా బకెట్లు పెడితే పెద్దమ్మ వంటింట్లో పడుకోవాలి.

"నువ్వు వంటింట్ల పండుకున్నా నడుస్తది గద వదినా. ఎట్లయిన నీ పానమంతా ఆడనే ఉంటది" అని నవ్వాడు. "నువ్వు కాదనవని తెల్సు. ఐతారం నాడు ట్రాలీ ఆటో తోలిస్త."

నేను చుక్కల మందు సీసా మూత తిప్పుతున్నాను. పెద్దమ్మ సరే అంటుందనే అనుకున్నాను. ఆ ఇంట్లో ఇంకో మాట నేనెప్పుడూ వినలేదు.

"ఇయ్య" అంది.

మరిదికి అర్థం కాలేదు. "ఏంది వదినా?"

"ఇయ్యనంటున్న. ఆ అర్ర నాకు కావాలె."

"రెండు నెలలే గద..."

"రెండు దినాలైనా ఇయ్య."

ఆయన నావైపు చూశాడు, నేనేమైనా నేర్పించానేమో అన్నట్టు. తర్వాత మొహం ఎర్రబడింది. లేచాడు. "అన్న ఉంటే గిట్లయితుండెనా? నువ్వింత కంజూస్ అని అనుకోలే వదినా" అన్నాడు. గడప దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చి, కలాకంద్ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ దాహమంది. నీళ్ళిచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. నల్లద్దాల కింద ఏమవుతోందో నాకు కనపడలేదు.

"ఏమన్నడు? కంజూస్ అన్నడా?"

"అన్నడు."

"నన్నే?"

"నిన్నే."

పెద్దమ్మ తల తిప్పి డబ్బా పెట్టిన చోటు తడిమి చూసింది. "స్వీట్ డబ్బా ఏదే?"

"తీస్కపోయిండు."

అప్పుడు నవ్వింది చూడండి. కన్ను అదరకూడదని డాక్టర్లు చెప్పారు, నవ్వొద్దని నేను బతిమాలుతున్నాను, ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. "ఎంత పనాయె! ఒక్క మాటే గదనే! ఈ మాటకేనా నేను ఇన్నేండ్లు భయపడ్డది? అన్నడు, పోయిండు. నాకేమన్న అయిందా? అర్ర ఆడనే ఉన్నది, నేను ఈడనే ఉన్న!"

కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మర్నాటికి సంగతి చుట్టాలందరికీ పాకింది. ఫోన్ల మీద ఫోన్లు. మరిదికి గది ఇవ్వలేదట, ఒంటరిగా ఉండి ఏం చేసుకుంటుందట. మా అమ్మ కూడా భయపడింది. అంతకాలం అక్క మెతకదనాన్ని తిట్టిన మనిషే వచ్చి కూర్చుని, "అందర్నీ దూరం చేసుకుంటే రేపు నీకేమన్న అయితే ఎవరొస్తరక్కా?" అంది.

పెద్దమ్మకు కూడా అదే భయం. ఆ రోజు ఆమె ముద్ద మింగలేదు. ఇచ్చినంతకాలం చుట్టూ మనుషులున్నారు. ఇవ్వకపోతే ఎవరూ ఉండరేమో. అదే నిజమైతే ఇన్నేళ్ళూ వచ్చింది తనకోసం కాదన్నమాట. ఆ సంగతి తెలుసుకోవడం కంటే బకెట్ల పక్కన పడుకోవడం నయమేమో. ఇదంతా ఆమె మాటల్లో చెప్పలేదు. "నిద్ర వడ్తలేదు చెల్లె" అని మాత్రం మా అమ్మతో అంది. అయినా మరిదికి కబురు చేయలేదు. కన్ను కూడా మెల్లగా నెమ్మదించింది. చూపు పూర్తిగా రాలేదు కానీ నిలిచింది.

కన్ను కుదుటపడ్డాక ఆమె చేసిన మొదటి పని గంజులు తిరిగి తెప్పించుకోవడం. ఇంటింటికీ పోయి అడిగింది. కొందరు మొహం మాడ్చుకుని ఇచ్చారు. ఒకాయన తనదే అన్నాడు. పెద్దమ్మ దాన్ని బోర్లించి, అడుగున చెక్కిన తన పేరు చూపించి తెచ్చుకుంది. అన్నీ వచ్చాక వంటింట్లో కాలు పెట్టే సందు లేదు. వాటి మధ్య నిలబడి చూసి, "వీట్ల ఏ ఒక్కట్లన్న నాకు సరిపోయేంత బువ్వ వండొస్తదా?" అంది.

మేమిద్దరం వాటిని ట్రాలీలో వేసుకుని బేగంబజార్ పోయాం. గిన్నెల దుకాణంలో పాతవి తూకానికి ఇచ్చేసింది. కొత్తది చూపించమంది. దుకాణదారు అలవాటుగా పెద్దవి దించాడు. ఇంతకంటే చిన్నది, ఇంకా చిన్నది అంటూ పోయింది.

"ఇత్నా ఛోటా? ఎంతమందికమ్మా?" అన్నాడతను.

"నాకొక్కదానికి" అంది పెద్దమ్మ. ఆ మాట అంటున్నప్పుడు సిగ్గుపడింది. పెళ్ళికూతురు లాగా తల వంచుకుంది. అరచేతుల్లో పట్టేంత గిన్నె. ఇంటిదాకా ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆ ఏడు బోనాలకు మరిది కుటుంబం రాలేదు. గల్లీలో కూడా వచ్చినవాళ్ళు తక్కువ. మా అమ్మ, నేను, అక్క, అక్క కూతురు. పెద్దమ్మ చేసిన కూర మా అందరికీ సరిపోయింది. మాతోపాటు విస్తరి ముందు కూర్చుని, ముక్కలు ఏరుకుని తింది. ఆమె కూర్చుని తినడం చూడడం మా అమ్మకు కొత్త. చూస్తూ చూస్తూ, "అక్కా, నువ్వు ఎముక గూడ నములుతవా?" అంది ఆశ్చర్యంగా.

ఇదంతా చదివి ఆమె ఇవ్వడమే మానేసిందని అనుకోకండి. ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. చెత్త కాగితాలు ఏరుకునే ఒకామె సంచి కింద పెట్టి అరుగు మీద కూలబడింది. ఏమైనా ఉంటే పెట్టమంది. పెద్దమ్మ తన కంచంలో పెట్టుకున్న అన్నం, పప్పు అలాగే తెచ్చి ఆమె ముందు పెట్టింది. లోపలికి పోయి ఆ చిన్న గిన్నెలో మళ్ళీ బియ్యం కడుగుతోంది. అంతలో ఎదురింటామె వచ్చి మిక్సీ అడిగింది. ఆమె వారానికి రెండు మూడుసార్లు తీసుకుపోయేది, జార్ కడగకుండా ఇచ్చేది.

"ఇయ్యనమ్మా" అంది పెద్దమ్మ.

"గామెవరో తెల్వదు, కంచం నిండ పెట్టినవ్. నేను ఇన్నేండ్ల సంది ఎదురుంగ ఉన్న, నాకియ్యవా?"

"ఆమెకు ఆకలైంది" అంది పెద్దమ్మ బియ్యంలో నీళ్ళు వంచుతూ. "నీకు అలవాటైంది."

ఎదురింటామె గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. కంజూస్ అనే మాట గల్లీలో స్థిరపడింది ఆ రోజు నుంచే. ఆమె నెలనాళ్ళు మూతి ముడుచుకుని, తర్వాత సొంతంగా మిక్సీ కొనుక్కుని, మళ్ళీ సాయంత్రాలు అరుగు మీదికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. అడగడానికి ఏమీ లేకపోయినా వచ్చింది. పెద్దమ్మ దాన్ని గమనించింది. నాతో అంది కూడా: "చూసినవా, ఊకెనే కూసుంటానికి వచ్చింది. ఎన్నడన్న గిట్లొచ్చిందా?"

ఆ రోజుల్లోనే ఒకసారి నేను అడిగాను, ఎవరైనా కంజూస్ అంటే బాధ కలగడం లేదా అని. చిక్కుడుకాయలు తుంపుతూ చెప్పింది. "ఆ మాట ఎప్పుడన్న అడిగినోళ్ళ నోట్లకెల్లే వస్తది బిడ్డా. పెట్టినోళ్ళు ఎన్నడన్న అన్నరా? ఇంకోటి సూడు. మగోడు ఇయ్యకుంటే లెక్క తెల్సినోడు అంటరు. ఆడిది ఇయ్యకుంటే కంజూస్ అంటరు." ఇంకా కొన్ని కాయలు తుంపాక మళ్ళీ అంది: "మా అత్త పీనాసిది, నిజమే. ఆకలైనోళ్ళ ముందట సల్ల పారవోసింది. నేను గామెను గాదు. గింత తెల్సుకోనీకి నాకు ముసల్తనం వచ్చింది."

రెండో కంటి ఆపరేషన్ నాటికి అక్కకు సెలవు దొరకలేదు, నాకూ ఆఫీసులో ఆడిట్. ఎవరుంటారని నేను దిగులుపడుతుంటే, దవాఖాన నుంచి వచ్చిన పూటే మరిది భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని దిగింది. పెద్దమ్మకు ఆమె యారాలు. గది సంగతి అయినప్పటి నుంచీ ఆ ఇంటి మనిషి ఈ గడప తొక్కలేదు. నేను బిత్తరపోయాను. ఆమె చీర చెంగు నడుముకి దోపుకుని, చేతులు కడుక్కుని, చుక్కల మందు ఎలా వేయాలో నన్నడిగి నేర్చుకుంది. వచ్చిన జనాన్ని గడప దగ్గరే ఆపి, "కన్ను మంచిగుంది, చాయ్ లేదు" అని పంపించింది.

ఒకరోజు పెద్దమ్మ తల దువ్వుతూ ఆమే చెప్పింది. "నీకు తెల్వదక్కా. నువ్వు అర్ర ఇయ్యనన్నంక ఆ బకెట్లన్ని మా ఇంటికి తెచ్చిండు. మంచం మీద గూడ టబ్బులే. నేను పిల్లలు మెట్ల మీద కూసొని తిన్నం. వారం చూసిన. అక్క అనంగ లేంది నేనెందుకు అనొద్దని, నేను గూడ ఇయ్య అన్న."

"ఏమన్నడు?" అంది పెద్దమ్మ.

"ఏమంటడు? నన్ను గూడ కంజూస్ అన్నడు. పోయి గోదాం కిరాయికి తీస్కున్నడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎవరొస్తరు అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు తల దువ్వుతూ కూర్చుని ఉంది. కొన్నాళ్ళకు మరిది కూడా వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చాడు, ఏమీ అడగలేదు. చాయ్ తాగి, వదిన ఫ్యాన్ చప్పుడు చేస్తోందని స్టూల్ ఎక్కి నూనె వేసిపోయాడు.

అంత్యక్రియలనాడు పాడెకు ముందు భుజం పట్టింది ఆయనే. సందు మొదట్లో ఆగిన బండి దాకా మోసి, తిరిగి వచ్చి మా అమ్మ పక్కన కూలబడ్డాడు. "నాకు అందరికన్న మొదలు ఎదురు చెప్పింది వదినే" అని ఏడ్చాడు. తర్వాత మొహం తుడుచుకుని, "మంచిగ చెప్పింది" అన్నాడు.

ఆమెను తలుచుకుంటే నాకు పొయ్యి ముందు కూర్చున్న మనిషి గుర్తు రావాలి. అంతకాలం అక్కడే చూశాను కదా. కానీ ఇప్పుడు కళ్ళ ముందుకొచ్చేది వేరే.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం చెప్పకుండా పోయాను. కింద ఎవరూ లేరు. డాబా ఎక్కాను. పెద్దమ్మ పిట్టగోడకు ఆనుకుని, చాప మీద కాళ్ళు చాపుకుని ఎండలో కూర్చుంది. ఒళ్ళో స్టీలు పళ్ళెం, అందులో రెండు చెక్కలుగా విప్పిన పెద్ద సీతాఫలం. బాగా మగ్గింది. నన్ను చూసి, నోట్లో గింజ ఉండగానే, గడ్డంతో మూలకున్న గంపను చూపించింది.

"గంపల ఇంకొకటుంది. కావాలంటే తెచ్చుకో. ఇది నాది" అంది.

నేను తెచ్చుకోలేదు. మెట్ల దగ్గరే కూర్చున్నాను. ఆమె కళ్ళు మూసుకుని, తొందర లేకుండా, ఒక్కో గింజను నాలుక మీద అటూ ఇటూ తిప్పి, గుజ్జంతా పోయి నల్లగా మెరిసేదాకా చప్పరించి, పళ్ళెంలో వదులుతోంది. గింజ పడ్డప్పుడల్లా పళ్ళెం టింగుమంటోంది. ఎండ ఆమె మోకాళ్ళ మీద నుంచి పాదాల మీదికి జరిగింది. వేళ్ళు కదిలిస్తూ ఆమె ఇంకో తొన తీసుకుంది.